ఆడలేక మద్దెల ఓడు

సినిమా వ్యాపారం లెక్కలో మన గోదావరి జిల్లాలు ఇప్పటికీ రెండే. ఒకటి ఈస్టు, రెండోది వెస్టు. 2022లో ప్రభుత్వం కోనసీమనీ, కాకినాడనీ, ఏలూరునీ విడదీసింది గానీ పంపిణీదారుల పద్దు పుస్తకంలో పాత గీతలు చెరగలేదు. ఈ ఈస్టు వెస్టుల్లో పండగ దగ్గర పడిందంటే ఒక మాట ఖాయంగా చెవిన పడుతుంది. "పండక్కి మన సినిమాలే ఆడాలండీ. ఎక్కడో బొంబాయిలో తీసిన దాన్ని తెలుగులోకి దింపి మన హాళ్ళు నింపేస్తే మనోళ్ళు ఏమైపోవాలి?" టీ కొట్టు దగ్గర అభిమాని అంటాడు, టీవీ చర్చలో నిర్మాత అంటాడు, ఫిల్మ్ ఛాంబర్ మెట్ల మీద మైకు పట్టుకున్న ప్రతివాడూ అంటాడు. భాషాభిమానం పేరు ఎత్తాక కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

నేను కాదంటున్నాను. పండగ నాడు మన సినిమాకి హాలు దొరకకపోవడానికి హిందీ సినిమా కారణం కాదు, ఏనాడూ కాలేదు. హాళ్ళ పంపకం, టికెట్టు ధర, వారం అద్దె అన్నవి ఎవరి చేతుల్లో ఉన్నాయో అడగకుండా ఉండటానికి ఆ మాట పనికొస్తోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మన పంపకంలో ఉన్న తప్పుని పరాయి భాష నెత్తిన రుద్దుతున్నాం.

ముందు ఎదుటివాళ్ళ వాదన సరిగ్గా చెప్పుకుందాం. 2022 నవంబరులో తెలుగు నిర్మాతల మండలి ఒక ప్రకటన చేసింది. సంక్రాంతి, దసరా పండగలకి థియేటర్ల కేటాయింపులో నేరుగా తెలుగులో తీసిన సినిమాలకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలనీ, మిగిలితేనే డబ్బింగుకి ఇవ్వాలనీ దాని సారం. ఇందులో న్యాయం లేకపోలేదు. పండగ మూడు నాలుగు రోజులే. ఉన్న హాళ్ళు ఇన్నే. ఇక్కడ సినిమా తీసినవాడు ఇక్కడి లైట్‌బాయ్ నుంచి డ్రైవర్ దాకా కూలి ఇచ్చి తీశాడు. డబ్బింగుగా వచ్చే సినిమాకి సొంత భాషలో ఎలాగూ ఒక రాబడి ఉంది, ఇక్కడ వచ్చేది అదనం. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం ఏం ధర్మమని అడిగితే, అడగవలసిన ప్రశ్నే.

మరి ఆ సంక్రాంతికి జరిగిందేమిటి? హిందీ, తెలుగు భాషల్లో ఒకేసారి తీసిన 'ఆదిపురుష్' 2023 జనవరి 12న వస్తామని చెప్పి, మండలి ప్రకటన రాకముందే జూన్‌కి తప్పుకుంది. ఇక గొడవంతా 'వారసుడు' మీద. అది తమిళ సినిమా. కానీ నిర్మాత దిల్ రాజు తెలుగువాడు, దర్శకుడు వంశీ పైడిపల్లి తెలుగువాడు. 2019లో డబ్బింగులకి హాళ్ళు ఎలా ఇస్తామని అన్నదీ ఆ నిర్మాతే. మండలి తన ప్రకటనలో ఆ పాత మాటనే ఎత్తి చూపింది. అటుపక్క పోటీలో ఉన్న 'వీరసింహారెడ్డి', 'వాల్తేరు వీరయ్య' రెండూ మైత్రీ అనే నిర్మాణ సంస్థవే. అంటే పండగ హాళ్ళ కోసం జరిగిన ఆ యుద్ధం రెండు తెలుగు సంస్థల మధ్య. అందులో హిందీవాడి పాత్ర ఏమిటో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

మరుసటి ఏడు ఇంకా బాగా తేటపడింది. 2024 జనవరి 12న 'గుంటూరు కారం', 'హనుమాన్' ఒకే రోజు వచ్చాయి. 'హనుమాన్' తీసిన ప్రశాంత్ వర్మది మన పాలకొల్లు. పెద్ద హీరో లేడు, పండగ పూట హాళ్ళూ లేవు. హైదరాబాద్ వైపు ఒప్పుకున్న థియేటర్లు కూడా మాట తప్పి ఆటలు వేయలేదని పంపిణీ చేసిన మైత్రీ నిర్మాతల మండలికి ఫిర్యాదు చేసుకోవాల్సి వచ్చింది. ఆ హాళ్ళలో ఏ హిందీ సినిమా ఆడుతోంది? ఏదీ లేదు. తెలుగు సినిమాకి తెలుగు సినిమాయే అడ్డం పడింది. చివరికి ఆ పాలకొల్లు కుర్రాడి సినిమాని నిలబెట్టింది ప్రేక్షకుడు. వారం తిరక్కుండా హాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆ సినిమాని వేసుకున్నాయి. పైగా హిందీలో కూడా అది బాగా ఆడింది. పండక్కి పరాయి సినిమా రాకూడదని ఉత్తరాదిలో ఎవరైనా గీత గీసి ఉంటే ఆ రాబడి దాని ఖాతాలో పడేది కాదు.

ఇక 2025 ఆగస్టు. స్వాతంత్ర్య దినం, శని, ఆదివారాలు కలిసొచ్చిన వారం. ఆగస్టు 14న 'వార్ 2', 'కూలీ' రెండూ దిగాయి. ఒకటి హిందీ, ఒకటి తమిళం. ఆ వారం పోటీకి పెద్ద తెలుగు సినిమా ఒక్కటీ లేదు. "చూశారా, మన గడ్డ మీద మన సినిమా లేకుండా చేశారు" అని కొందరు గుండెలు బాదుకున్నారు. లేకుండా ఎవరు చేశారు? మన పెద్ద హీరోలు రెండేళ్ళకో సినిమా చేస్తారు. ఆ ఒక్కటీ చెప్పిన తేదీకి రాదు. హాలు యజమానికి కరెంటు బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. పెద్ద సినిమా లేని వారాల్లో పది పదిహేను మందితో మాట్నీ వేసే హాళ్ళు మన డెల్టా ఊళ్ళల్లో ఎన్నో ఉన్నాయి. వేసే ఓపిక లేనివి కల్యాణ మండపాలయ్యాయి. ఆ ఆగస్టులో ఆ రెండు డబ్బింగులు రాకపోతే సెలవు వారమంతా గేటుకి తాళమే.

అప్పుడే మరో అభ్యంతరం లేచింది. ఆ రెండు సినిమాలకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్టు మీద అదనంగా సింగిల్ స్క్రీన్‌లో 75 రూపాయలు, మల్టీప్లెక్సులో 100 రూపాయలు పెంచుకోనిచ్చింది. డబ్బింగు సినిమాకి రేటు పెంచడమేమిటని జనం అడిగారు. నూటికి నూరుపాళ్ళూ న్యాయమైన ప్రశ్న. కాకపోతే ఏడు నెలల ముందు ఇదే ప్రశ్న ఇంత గట్టిగా వినిపించలేదు. 2025 సంక్రాంతికి జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్'కి పెంచుకోనిచ్చింది సింగిల్ స్క్రీన్‌లో 135, మల్టీప్లెక్సులో 175. అర్ధరాత్రి ఆటకి టికెట్టు 600. అయిదుగురున్న ఇల్లు పండక్కి మామూలు హాలుకి వెళితే, అసలు టికెట్టు కాకుండా, తెలుగు సినిమాకి అదనంగా కట్టింది 675 రూపాయలు. హిందీ సినిమాకి కట్టింది 375. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వచ్చిన ఇంట్లో పెద్దాయన జేబు తడుముకునేది ఈ లెక్క దగ్గరే. ఆ నోటుకి భాష లేదు. మన సినిమా కాబట్టి 135 పెంచినా సరే, వాళ్ళ సినిమా కాబట్టి 75 కూడా దోపిడీయే అనేవాళ్ళు పోట్లాడుతున్నది దోపిడీతో కాదు, దోచుకునేవాడి ఊరితో.

అసలు ఏది మన సినిమా, ఏది వాళ్ళది? 'గేమ్ ఛేంజర్' దర్శకుడు శంకర్ తమిళుడు, కథానాయిక కియారా అద్వానీ. 'వార్ 2'లో కథానాయికా ఆవిడే. హృతిక్ పక్కన రెండో హీరో మన ఎన్టీఆర్. మొదటిది అచ్చ తెలుగు సినిమా, రెండోది పరాయిది అని గీత గీయాలంటే నిర్మాత ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో చూసి గీయాలి. 2023 రంజాన్‌కి వచ్చిన సల్మాన్ ఖాన్ సినిమాలో వెంకటేశ్ ఉన్నాడు. అదే ఏడాది 'జవాన్' తీసిన అట్లీ తమిళుడు. డిసెంబరులో 'యానిమల్' తీసిన సందీప్ రెడ్డి వంగాది వరంగల్లు. ఈ కలగాపులగంలో హిందీ అన్న ముద్ర వేసి హాలు తలుపు వేయడం అయ్యే పని కాదు.

ఈ కలయిక నిన్న మొన్నటిది కూడా కాదు, అందులో గోదావరి వాళ్ళం ముందు వరసలో ఉన్నాం. రాజమండ్రివాడు ఆదుర్తి సుబ్బారావు గోదారి మీద పడవ నడిపేవాడి కథతో 1964లో 'మూగమనసులు' తీసి, దాన్నే 1967లో 'మిలన్'గా హిందీవాళ్ళకి తీసి ఇచ్చాడు. నిర్మాత ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి వెళ్ళిన ఎల్.వి. ప్రసాద్; 1931లో తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లో వేషం కట్టిన మనిషి. తెలుగులో గౌరి పాత్ర వేసిన జమునే హిందీలోనూ వేసి ఫిల్మ్‌ఫేర్ బహుమతి తెచ్చుకుంది. పాలకొల్లు దాసరి నారాయణరావు 'స్వర్గ్ నరక్' నుంచి 'ఆజ్ కా ఎమ్మెల్యే రామ్ అవతార్' దాకా తన తెలుగు కథల్ని హిందీలో వరసగా తీశాడు. నరసాపురం బాపు 'మన ఊరి పాండవులు'ని 'హమ్ పాంచ్' చేశాడు. రాజమండ్రి అమ్మాయి జయప్రద 1979లో 'సర్గమ్'తో అక్కడ తారాపథానికి వెళ్ళింది. వాళ్ళ హాళ్ళ తలుపులు మనకి తెరిచి ఉన్నన్నాళ్ళూ అది తెలుగువాడి గొప్పతనం. మన హాలు తలుపు తడితే మాత్రం దండయాత్ర!

అటునుంచి వచ్చినవాటిని మనవాళ్ళు ఏనాడూ వెనక్కి కొట్టలేదు. 'మైనే ప్యార్ కియా' 'ప్రేమ పావురాలు'గా వచ్చింది, 'హమ్ ఆప్కే హై కౌన్' 'ప్రేమాలయం'గా వచ్చింది. ఆడపిల్లలున్న ఇళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వెళ్ళినట్టు వెళ్ళి చూశారు. ఆ రెండింటికీ హిందీలో సల్మాన్‌కి పాడింది మన బాలసుబ్రహ్మణ్యమే. ఆ సినిమాలు ఆడినందువల్ల చిరంజీవికి గానీ, వెంకటేశ్‌కి గానీ ఒక్క ఆట తగ్గిందని ఎవరూ అనలేదు.

ఇంతమాత్రాన హిందీ పండగ సినిమాలంటే నాకు మోజనుకోకండి. ఈ మధ్య వచ్చిన వాటిలో చాలావరకు నాకు నచ్చలేదు. 'వార్ 2' విమానం మీద ఒక కొట్లాట, రైలు మీద ఒక కొట్లాట, మంచులో ఒక కొట్లాటగా సాగింది. మధ్యలో ఇద్దరు మంచి డ్యాన్సర్లని పక్కపక్కన నిలబెట్టి కూడా ఒక్క పాటతో సరిపెట్టారు. స్నేహం, ద్రోహం అన్న కథ ఉంది గానీ ఆ స్నేహం ఎక్కడ పుట్టిందో మన మనసుకి ఎక్కదు. మొదటి రోజు అభిమానులు నింపారు, ఆ తర్వాత హాళ్ళు ఖాళీ అయ్యాయి. 'ఆదిపురుష్' అయితే మరీ. ప్రతి హాల్లో హనుమంతుడి కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతామని ప్రచారం చేశారు. అదే హనుమంతుడి నోట పెట్టిన మాటల మీద దుమారం రేగితే డైలాగులు మార్చుకోవలసి వచ్చింది. 1936లోనే నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టి 'సంపూర్ణ రామాయణం' తీసిన ఊరు మనది. బాపు రాముణ్ణీ, ఎస్వీ రంగారావు రావణుణ్ణీ చూసి పెరిగిన కళ్ళు మనవి. హీరో ప్రభాస్‌ది మొగల్తూరు కుటుంబమైనా సరే, ఆ రావణుడి వేషాన్ని ఇక్కడ ఎవరూ ఒప్పుకోలేదు.

నేను చెప్పేది సరిగ్గా ఇదే. బాగాలేని హిందీ సినిమాని తిప్పికొట్టడానికి మన ప్రేక్షకుడికి ఏ మండలి తీర్మానమూ అవసరం లేదు. బాగాలేని తెలుగు సినిమానీ అలాగే తిప్పికొడతాడు. 'గేమ్ ఛేంజర్' ప్రీ రిలీజ్ వేడుక రాజమండ్రిలోనే అట్టహాసంగా జరిగింది. అయినా మనవాళ్ళు మొహమాటపడలేదు. ఆ సినిమా విడుదలైన నాలుగు రోజుల తర్వాత, జనవరి 14న, రాజమండ్రిలో కాపురమున్న మాజీ పోలీసు కథతో వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం'ని నెత్తిన పెట్టుకున్నారు. పొద్దున బరి దగ్గర కోడి పందెం చూసి, మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రం ఫస్ట్ షోకి ఇంటిల్లిపాదీ వెళ్ళే ఈ జనానికి తమకేం కావాలో తెలుసు. వాళ్ళని పరాయి సినిమా నుంచి కాపాడతామని బయల్దేరడం వాళ్ళ తెలివిని తక్కువ చేయడమే.

"మరి వాళ్ళు మనకి హాళ్ళిచ్చారా?" అని అడిగేవాళ్ళున్నారు. 2023 డిసెంబరులో 'డంకీ', 'సలార్' ఒక్కరోజు తేడాతో వచ్చినప్పుడు ఉత్తరాది హాళ్ళ పంపకం మీద పెద్ద రగడ జరిగింది నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి ఏమైంది? 2024 డిసెంబరు 5న 'పుష్ప 2' వస్తోందని, మర్నాడు రావలసిన 'ఛావా' 2025 ఫిబ్రవరి 14కి జరిగిపోయింది. హిందీ సినిమా, అందులోనూ మరాఠా వీరుడి కథ, సొంత గడ్డ మీద తెలుగు సినిమాకి దారి వదిలింది. 'పుష్ప 2' దర్శకుడు సుకుమార్‌ది రాజోలు పక్కన మట్టపర్రు. ఆ సినిమా ఒక్క హిందీలోనే 800 కోట్లు దాటిందని నిర్మాతలే చాటుకున్నారు. కోనసీమ కుర్రాడు పాట్నాలో పండగ చేసుకోవచ్చు గానీ, పాట్నావాడు అమలాపురంలో అడుగు పెట్టకూడదంటే అది భాషాభిమానం అనిపించుకోదు. ఆ రాబడికే రేపు ఎసరు పెట్టే మాట అది. వాళ్ళూ ఇదే తీర్మానం చేస్తే మనం ఏ మొహంతో వద్దంటాం?

ఇక అసలు జబ్బు సంగతి. 2025 మేలో జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్న కబురు రాష్ట్రమంతా పాకింది. ఆ అలజడి మొదలైంది మన తూర్పు గోదావరి ఎగ్జిబిటర్ల దగ్గరే. వాళ్ళ బాధ సులువుగా అర్థమయ్యేదే. పెద్ద సినిమా మొదటి వారం, హాలు కిటకిటలాడే రోజుల్లో, పంపిణీదారుడు హాలుకి వారానికి ఇంతని అద్దె పారేసి రాబడంతా పట్టుకెళతాడు. జనం పలచబడ్డాక "ఇప్పుడు పర్సంటేజీ చూసుకుందాం" అంటాడు. లాభమొచ్చే వారంలో యజమాని అద్దె మనిషి, నష్టం వచ్చే వారంలో వాటాదారు. మొదటి రోజు నుంచీ పర్సంటేజీయే ఇవ్వమని వాళ్ళు అడిగారు. కోరిక న్యాయమైనది. కానీ అదే సమయానికి ఒక పెద్ద సినిమా విడుదల ఉండటంతో వ్యవహారం రాజకీయమైంది. హాళ్ళు మూయాలన్న ఆలోచన వెనక ఎవరున్నారో తేల్చమని సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేష్ విచారణకి ఆదేశించారు. ఆయనది మన నిడదవోలు నియోజకవర్గమే. కుట్ర ఎవరిదన్న చర్చలో అద్దె ఎంత, వాటా ఎంత అన్న ప్రశ్న కొట్టుకుపోయింది. హాళ్ళు మూతపడలేదు, జబ్బూ నయం కాలేదు.

హాలు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకి జవాబు ఈ అద్దెలో ఉంది. అద్దెకో లీజుకో వెళ్ళిన హాల్లో ఏ బొమ్మ వేయాలో యజమాని చేతిలో ఉండదు. పండగ పూట ఖాళీ కుర్చీలతో ఆడుతున్న పెద్ద సినిమాని ఎత్తేసి, పక్క వీధిలో టికెట్లు దొరకని చిన్న సినిమాని వేసుకుందామన్నా వీలుండదు. అదే పర్సంటేజీ మీద ఆడితే ఏది జనాన్ని తెస్తే దానికి ఆట ఇస్తాడు. అది తెలుగైతే తెలుగు, హిందీ అయితే హిందీ. 'హనుమాన్' లాంటి సినిమాకి నిజమైన రక్షణ అదొక్కటే.

రెండో రక్షణ కాగితం మీద ఇప్పటికే ఉంది. 2022 మార్చి 7న టికెట్టు ధరల మీద వచ్చిన 13వ నంబరు ఉత్తర్వు అయిదో ఆటకి అనుమతిస్తూ, రోజూ ఒక ఆట తక్కువ బడ్జెట్ సినిమాకి కేటాయించాలంది. భారీ సినిమాకి ధర పెంచుకోనివ్వాలంటే షూటింగులో 20 శాతం ఆంధ్రప్రదేశ్‌లో జరగాలంది. తెలుగు సినిమా మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళు, ఈ పండక్కి ఏ హాలు చిన్న సినిమాకి ఆట ఇచ్చింది, ధర పెంచుకున్న ఏ సినిమా మన మారేడుమిల్లిలోనో పాపికొండల్లోనో ఎన్ని రోజులు పనిచేసింది అని లెక్క అడగాలి కదా! అడగరు. అడిగితే ముందుగా సంజాయిషీ ఇచ్చుకోవలసింది తెలుగు పెద్ద సినిమాలే.

నా వరకు నేనైతే ఇంకో మెట్టు ఎక్కి అడుగుతాను. హిందీ సినిమాని పండక్కి రానివ్వడమే కాదు, రోజుకి ఒక్క ఆటైనా హిందీలోనే వేయండి. ఒకప్పుడు ఇది కష్టం. రీళ్ళ డబ్బాలు రావాలి, ఒక ప్రింటుని రెండు హాళ్ళు పంచుకోవాలి. ఇప్పుడు ఆపరేటర్ గదిలో సర్వరు ఉంది. సినిమా అందులోకి దిగుతుంది, కంపెనీ నుంచి కీ వస్తే ఆట మొదలవుతుంది. హిందీ కీ ఒకటి అదనంగా తెప్పించుకుంటే చాలు. చూసేవాళ్ళెవరంటారా? రాజమండ్రిలో ఓఎన్‌జీసీ ఉద్యోగులున్నారు, తాడితోటలో గుడ్డల వ్యాపారం చేసే మార్వాడీ కుటుంబాలున్నాయి. భీమవరం చుట్టూ రొయ్యల ప్లాంట్లలోనూ, మన చేలల్లో నాట్లలోనూ బీహార్ నుంచీ బెంగాల్ నుంచీ వచ్చినవాళ్ళు పనిచేస్తున్నారు. మన వరి నాటినవాడికి దీపావళికి తనకి అర్థమయ్యే భాషలో ఒక బొమ్మ చూసే వీలు అరుదు. పెదవులు ఒకటి కదుపుతుంటే మాట ఇంకొకటి వినపడే డబ్బింగుతో విసిగిపోయిన నాలాంటి వాళ్ళమూ కొందరం ఉన్నాం. షారుఖ్ ఖాన్‌ని షారుఖ్ గొంతుతో వినడానికి హైదరాబాద్ వెళ్ళాలా?

రణబీర్ రాముడిగా, సాయిపల్లవి సీతగా హిందీ 'రామాయణ' 2026, 2027 దీపావళులకి రెండు భాగాలుగా వస్తుందని ప్రకటించారు. అప్పుడు ఈ పాత మాట మళ్ళీ లేస్తుంది. మన రాముడి కథ వాళ్ళు తీసి మనకే అమ్ముతారా అని కూడా అంటారు. నా జవాబు ఇప్పుడే చెబుతున్నాను. రానివ్వండి. మామూలు రోజు రేటుకే టికెట్టు అమ్మండి. పక్క హాల్లో ఒక తెలుగు చిన్న సినిమా ఆట ఎగరగొట్టకండి. హాలు యజమానికి మొదటి రోజు నుంచీ వాటా ఇవ్వండి. ఆ మూడూ చేశాక రాముడు బాగున్నాడో లేదో టికెట్టు కొన్నవాడు చెబుతాడు. ఆ మూడూ చేయకుండా హిందీ వద్దన్నంత మాత్రాన తెలుగు సినిమాకి ఒక్క కుర్చీ కూడా ఎక్కువ రాదు.